ఇది పెళ్లి బయోడేటానా?

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర జిరాక్స్, డీటీపీ షాపు నాది. ఇంజినీరింగ్ పిల్లల రెజ్యూమెలు ప్రింటవుతుంటే చదవడం నాకలవాటు. తప్పే, కానీ ఆగలేను.

అన్నీ ఒకే అచ్చు. పైన పడికట్టు ఆశయం, కింద ‘పై వివరాలన్నీ నిజమే’ అని డిక్లరేషన్. మధ్యలో నాన్న పేరు, పెళ్లి కాలేదన్న సంగతి. ఉద్యోగమిచ్చేవాడికి ఇవెందుకు? కాలేజీలో ఎవరో ఇచ్చిన నమూనాలో పేరు మార్చుకుంటే ఇలాగే ఉంటుంది.

మొన్న ఒకమ్మాయి కాగితంలో ‘హాస్టల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, టీమ్ ప్రాజెక్ట్’ అని ఒక్క లైనుంది. ‘ఇందులో నువ్వేం చేశావమ్మా?’ అన్నాను. మెస్ బిల్లులు లెక్కగట్టే కోడ్ తనదేనట. వాళ్ల హాస్టల్లో 140 మందికి రెండు నెలలు దాంతోనే బిల్లులు వేశారట. ఆ ముక్క కాగితం మీద లేదు! అక్కడే కూర్చోబెట్టి టైప్ చేయించాను. ఆశయం, డిక్లరేషన్ ఎగిరిపోయాయి. ‘న్యూ ఫైనల్ 3’ అన్న ఫైలుకు తన పేరే పెట్టి పీడీఎఫ్ చేశాం.

తను చేసిన పని రాయించింది ఊరికే కాదు. ఈ సందుల్లో ప్రాజెక్టులు రెడీమేడ్‌గా దొరుకుతాయని ఇంటర్వ్యూ చేసేవాళ్లకూ తెలుసు. కొన్నదైతే రెండో ప్రశ్నకే నోరు పెగలదు.

ఆ పిల్ల 10 కాపీలు తీయించుకుంది. రెండు పేజీలు ఒకటయ్యేసరికి నా గిరాకీ సగానికి పడింది.