లాభమొస్తే సేటుది, నష్టమొస్తే కూలోడిదా?

‘మార్కెట్ పడిపోయింది’ అని సేటు అన్నప్పుడల్లా మన కూలి పడిపోతది. మార్కెట్ లేచినంక మన కూలి ఎందుకు లేవదు? పాతబస్తీ అడ్డాల మీద, కార్ఖానాల్లో చెమటోడుస్తున్న మనం ఈ ప్రశ్న అడగాలి.

2016 నవంబరు 8న 500, 1000 నోట్లు రద్దు చేశారు. దేశంలో చలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం రాత్రికి రాత్రే చెల్లకుండా పోయింది. ఉన్నోళ్లు చెక్కులతో, కార్డులతో వెళ్లదీసుకున్నరు. రోజు కూలి మీద బతికేటోళ్లు అడ్డా మీద నిలబడి నిలబడి వాపసు పోయిన్రు. అడ్డా మీద మంది తక్కువుంటే మేస్త్రీ మన వెంట పడతడు. మంది పెరిగితే ‘నువ్వు కాకుంటే ఇంకొకడు’ అంటడు. ఆ మాటతోనే కూలి తెగ్గోస్తరు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డది. లాడ్‌బజార్ మూతబడ్డది. జీతాలు కోయొద్దని మార్చి 29న కేంద్ర హోంశాఖ యజమానులకు ఉత్తర్వు ఇచ్చింది. మే 18 నుంచి అదీ లేకుండా పోయింది. ఉన్నన్నాళ్లు మాత్రం మనకు ఒరిగిందేమిటి? పద్దుల్లో పేరుంటే కదా జీతం అడిగేది! లక్క గాజు మీద రాళ్లు అతికే అక్కకు చేసిన సరుకు లెక్కనే కూలి. పని ఆగితే కూలి ఆగుతది. నష్టాన్ని మన నెత్తిన రుద్దే కిటుకు ఇదే. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు వచ్చింది. గాజుకు కాగితమొచ్చింది, గాజు చేసిన చేతికి రాలేదు.

అదే లాక్‌డౌన్‌లో వీధులూడ్చే మనోళ్లకు సెలవు లేదు. చప్పట్లు కొట్టినోళ్లే పర్మనెంటు చెయ్యమంటే మొహం తిప్పుకున్నరు. కొందరికి పని పోయింది, కొందరికి ప్రాణభయంతో ఇంట్ల ఉండే హక్కు పోయింది. రెండు చోట్లా మాల మాదిగలు, పేద ముస్లిములు, పాలమూరు నుంచి వలసొచ్చిన బహుజనులే. కులం పనిని మాత్రమే కాదు, పనిచేసేటోళ్లనే విడదీసిందని అంబేద్కర్ 1936లోనే చెప్పిండు. సేటుకు కావలసింది ఆ చీలికే.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చినయి. పనిలో పెట్టుకుంటే నియామక పత్రం ఇయ్యాలంటున్నరు. కానీ ఆ కోడ్ మామూలుగా పదిమందికి తక్కువున్న చోట వర్తించదు. మరి గల్లీలో నలుగురున్న కార్ఖానా సంగతేంది?

అన్నలారా, అక్కలారా! పనిచేసిన రోజు, ఇచ్చిన కూలి, ఉన్న బాకీ నోటుబుక్కుల రాసుకుందాం. సేటుతో, మేస్త్రీతో సంతకం పెట్టించుకుందాం. అడ్డాకొక కమిటీ వేసుకొని కూలి రేటు మనమే కట్టుకుందాం. కులం, మతం ఏదైనా, ఆ రేటుకు తక్కువగా ఎవరమూ పనికి పోవద్దు.