పగులు దొరికాక ఎవరొస్తారు?

రైలు పట్టాల్లో పగుళ్లు వెతికే, కంప్యూటర్లు బిగించిన అల్ట్రాసోనిక్ వాహనాలు వచ్చాక రెండు పట్టాల మీద యంత్రాన్ని తోసుకుంటూ నడిచే మనుషులెందుకు, పట్టాలు బాగుచేసే గ్యాంగుల్లో అంతమందెందుకు అన్న మాట ఈమధ్య చదువుకున్నవాళ్ల నోటే ఎక్కువగా వినిపిస్తోంది. ఈ మాట తప్పు. కాజీపేట–బల్లార్షా లైను విషయంలో అయితే ప్రమాదకరం కూడా.

యంత్రం గొప్పదనాన్ని నేను కాదనను. 60 కిలోల రకం పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లు. ఉక్కులో సెకనుకు సుమారు 5,900 మీటర్లు పోయే తరంగం పట్టా అడుగును తాకి తిరిగి రావడానికి 58 మైక్రోసెకన్లు చాలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ ప్రతి 3 మిల్లీమీటర్లకూ ఒకసారి చూడాలంటే తరంగాన్ని పంపి అందుకునే ఒక్కో ప్రోబు సెకనుకు 5,500 సార్లకు పైగా పనిచేయాలి. తిరిగొచ్చినవాటిలో ఏది బోల్టు రంధ్రమో, ఏది పగులో వెంటనే తేల్చాలి. రామగుండం మే ఎండలో, బొగ్గు దుమ్ములో, ఆగని అదురులో మామూలు కంప్యూటర్ నిలవదు. ఫ్యాను లేకుండా, దుమ్ము చొరకుండా కట్టిన గట్టి కంప్యూటరే కావాలి. దానికయ్యే ఖర్చు దండగ కాదు.

అయితే దానికి కనపడని చోట్లున్నాయి. పట్టా తల మీద జారే ప్రోబుల తరంగం పాదం అంచులకు చేరదు. అల్యూమినో థర్మిట్ వెల్డుల దగ్గర పగులు పుట్టే చోట్లలో ఆ అంచులూ ఉన్నాయి. అక్కడ మనిషి వంగి, చేతి ప్రోబు ఆనించి చూడాల్సిందే. పట్టా పైన పెచ్చులు లేస్తే తరంగం లోపలికి సరిగా దిగదు. వాహనం అనుమానపడ్డ చోటికల్లా ఎవరో ఒకరు నడిచి వెళ్లి నిర్ధారించాలి. వాహనం ఎంత ఎక్కువ తిరిగితే వీళ్ల పని అంత పెరుగుతుంది.

చలికాలం సంగతి వేరు. పొడవుగా వెల్డు చేసిన పట్టా చలికి కుంచించుకునే వీల్లేక బిగుసుకుంటుంది. ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ దానిలో లాగుడు దాదాపు రెండు టన్నులు పెరుగుతుంది. బెల్లంపల్లి, కాగజ్‌నగర్ దగ్గర డిసెంబరు తెల్లవారుజామున, నిన్నటిదాకా ఓర్చుకున్న పగులు పుటుక్కున తెగొచ్చు. వాహనం మళ్లీ ఎప్పుడొస్తుందో! ఆ వేళ లైను మీద ఉండేది లైటు పట్టుకుని నడిచే పెట్రోల్‌మ్యాన్, తెల్లారాక కీమ్యాన్.

పగులు దొరికిందే అనుకుందాం. వెంటనే తీసేయాల్సినదైతే అక్కడ వేగాన్ని 30 కిలోమీటర్లకు తగ్గించి, పగులుకు ఇరువైపులా ఊతంగా జాగిల్డ్ ఫిష్‌ప్లేట్లు బిగించి, మూడు రోజుల్లో ముక్క మార్చాలన్నది రైల్వే నిబంధన. మార్చాలంటే రైళ్లు ఆపి బ్లాక్ ఇవ్వాలి. ఢిల్లీ–చెన్నై ఎక్స్‌ప్రెస్‌లు, సింగరేణి బొగ్గు, సిమెంటు అన్నీ ఈ దారినే పోతాయి. 2024 నవంబరులో రాఘవాపురం–రామగుండం మధ్య గూడ్సు పట్టాలు తప్పితే ఎన్ని రైళ్లు రద్దయ్యాయో చూశాం. ఇలాంటి లైనులో బ్లాక్ దొరకడమే కష్టం. దొరికిన ఆ కాస్త సమయంలో పట్టా కోసి, ఎత్తి, కొత్త ముక్క దించి వెల్డు చేసే చేతులు లేకపోతే కంప్యూటర్ ఇచ్చిన జాబితా ఫైల్లోనే ఉండిపోతుంది.

అలాగని అన్ని లైన్లకూ వాహనం అక్కర్లేదు. 2017లో పూర్తయిన పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాద్ లైను మీద రైళ్లు తక్కువ, అక్కడ తోపుడు యంత్రం ఇంకా చాలాకాలం సరిపోతుంది. వాహనం కావాల్సింది బల్లార్షా లైనుకే. దాన్ని మంజూరు చేసే ఉత్తర్వులోనే పరీక్షకుల పోస్టులు, గ్యాంగుల్లో ఖాళీల భర్తీ, రోజూ ఇచ్చే బ్లాక్ గంటలు కూడా రాయాలి. ఒక్క పోస్టు తగ్గించడానికి ఈ వాహనాన్ని సాకుగా చూపినా రైల్వే సంఘాలే కాదు, ఆ రైళ్లెక్కే మనమూ అడ్డుపడాలి.