పట్టాల మీద కూర్చున్నోళ్లమే పట్టాలు అడుగుతున్నాం

2011 సకల జనుల సమ్మెలో రైల్ రోకో నాడు కాజీపేటలో పట్టాల మీద కూర్చున్నవాళ్లలో మేమూ ఉన్నాం. అప్పుడు విద్యార్థులం. కంకర గుచ్చుకుంటున్నా లేవలేదు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఇవాళ అదే కాజీపేటలో రాత్రి రైలు దిగి, హన్మకొండ పోవడానికి ఆటో ముందర నిలబడి బేరమాడుతున్నాం. సికింద్రాబాద్ నుంచి నూట ముప్పై కిలోమీటర్లు రైలు తెచ్చి దించుతది. ఆఖరి ఆరేడు కిలోమీటర్లే గండం. రైలు టికెట్టు కన్నా ఆటో కిరాయి ఎక్కువైన రాత్రులున్నాయి. రోజూ హైదరాబాద్ పోయివచ్చే ఉద్యోగిని అడగండి, హాస్టల్‌కు చేరాల్సిన ఆడపిల్లను అడగండి.

కాజీపేట, హన్మకొండ, వరంగల్. పేరుకు మూడు ఊళ్లు, నడిచేది ఒక్కటే రోడ్డు. కాజీపేట స్టేషన్, ఫాతిమానగర్, నిట్, సుబేదారి, హన్మకొండ చౌరస్తా, ములుగు రోడ్డు, ఎంజీఎం దవాఖాన, వరంగల్ స్టేషన్. చదువు, కొలువు, కోర్టు, దవాఖాన, రెండు రైల్వే స్టేషన్లు అన్నీ ఒకే దారికి పూసల్లా గుచ్చినట్టున్నాయి. లైట్ రైలుకు, అంటే రోడ్డు మీద పట్టాలేసి కరెంటుతో నడిపే ట్రాముకు, ఇంతకన్నా అనువైన దారి ఎక్కడ దొరుకుతది? నయీంనగర్ మీదుగా కాకతీయ యూనివర్సిటీకి ఒక కొమ్మ వేస్తే విద్యార్థుల గోస సగం తీరుతది.

ఈ ఆలోచన సర్కారుకు రాలేదని అనలేం. కాజీపేట స్టేషన్ నుంచి వరంగల్ స్టేషన్ దాకా సుమారు 15 కిలోమీటర్ల 'మెట్రో నియో'కు మహారాష్ట్ర మెట్రో సంస్థతో నివేదిక రాయించారు. అది రబ్బరు టైర్ల బండి. 2021 కేంద్ర బడ్జెట్‌లో చిన్న నగరాలకు మెట్రోలైట్, మెట్రో నియో తెస్తామని ఘనంగా ప్రకటించారు. నివేదిక బీరువాలోకి పోయింది. ఎన్నికలొచ్చినప్పుడల్లా బయటికి తీసి దుమ్ము దులుపుతారు. ఇక్కడ ఒక్క స్తంభం లేవలేదు.

మెట్రో అంటే మన నాయకులకు ఎత్తయిన స్తంభాలు, అద్దాల స్టేషన్లు. హైదరాబాద్‌కు 2017 నవంబర్‌లో మెట్రో వచ్చింది, సంతోషమే. కానీ మెట్రో ఎంత ఖరీదైనదో ఓరుగల్లుకు అంత దూరం. నేల మీద నడిచే మెట్రోలైట్‌కు మామూలు మెట్రో ఖర్చులో 40 శాతం సరిపోతుందని 2019లో కేంద్రమే లెక్క చెప్పింది. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఇదే పంచాయితీ నడిచింది. భూగర్భ మెట్రోనా, రోడ్డు మీద ట్రామా అన్నది 1989 మున్సిపల్ ఎన్నికల్లో పెద్ద వివాదం. ట్రాము అన్న పక్షం గెలిచింది. 1960లో తమ ట్రాములను తామే ఎత్తేసిన ఊరు, 1994లో మళ్లీ పట్టాలు వేసుకున్నది. అక్కడి మేయర్ పదవికి పోటీ పడ్డవాళ్లు ప్రజల ముందు తేల్చుకున్నారు. మన దగ్గర కార్పొరేషన్ ఎన్నికల్లో ట్రాము మాట ఎత్తినవాడిని మేం చూడలేదు.

బస్సు చాలదా అని అడిగే మిత్రులున్నారు. బస్సును తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేస్తే ఈ పేజీలు చదివేవాళ్లంతా వాళ్ల వెంటే ఉన్నారు. 2023 డిసెంబర్ నుంచి మహిళలకు బస్సు ఉచితమయ్యాక జనం ఎంత ఎదురుచూస్తున్నారో బస్సు ఫుట్‌బోర్డే చెప్తున్నది. అందుకే పెద్ద బండి కావాలంటున్నాం. 30 మీటర్ల ట్రాములో రెండు వందల మంది ఎక్కొచ్చు, డ్రైవర్ ఒక్కడే. నేలకు సమానంగా తలుపు ఉంటది కాబట్టి ముసలవ్వ అయినా, చక్రాల కుర్చీ అయినా ఎవరి సాయం లేకుండా ఎక్కుతారు. ఇంకో సంగతి. బస్సుకని గీసిన లైనును నాలుగు రోజుల్లో కార్లు, ఆటోలు, బండ్లు ఆక్రమిస్తాయి. ఇనుప పట్టా వేసి విడిగా దారి కట్టినంక దాన్ని గుంజుకోవడం అంత తేలిక కాదు.

తేలిక కాదన్నాం గానీ, కలకత్తాలో అదీ జరిగింది. 1902 నుంచి కరెంటు ట్రాములు నడిపిన నగరం అది. 1953లో బ్రిటిష్ ట్రాము కంపెనీ రెండో తరగతి టికెట్టు మీద ఒక్క పైసా పెంచితే విద్యార్థులు, కార్మికులు, ఉద్యోగులు వీధుల్లోకి వచ్చారు, పెంపు ఆగింది. అంత జనం సొత్తు అయిన ట్రాముకు తర్వాత ఏమైంది? విడిగా ఉన్న దారులను కాంక్రీటు చేసి మోటార్లకు తెరిచారు. ఆ మోటార్ల మధ్య ట్రాము ఇరుక్కున్నంక ట్రాఫిక్‌కు ట్రామే అడ్డమన్నారు. 2024లో ఒక్క వారసత్వ మార్గం తప్ప మిగతావి ఆపేస్తామన్నారు. కాబట్టి మా మొదటి షరతు ట్రాము దారి ట్రాముకే ఉండాలని. హన్మకొండ చౌరస్తా లాంటి ఇరుకు చోట్ల కార్లే పక్క దారి పట్టాలి. దుకాణందారులు ఒప్పుకోరని అధికారులు అంటారు. పార్కింగ్ పోతదని లొల్లి అవుతది, నిజమే. ఒక్క పార్కింగ్ చోటు తీసేసినా ఆ దుకాణం ముందర వందల మంది దిగుతారని చెప్పే బాధ్యత వాళ్లదే కదా?

రెండో షరతు కాజీపేటకు సంబంధించింది. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో 2015లో లైట్ రైలు మొదలైంది. చైనా బండ్లు, చైనా విడిభాగాలు. కొన్నేళ్లకే విడిభాగాలు లేక చాలా బండ్లు షెడ్డులో పడ్డాయి. మనకు ఆ గతి ఎందుకు? కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ కోసం ఎన్ని దశాబ్దాలు అడిగామో ఇక్కడి పిల్లవాడికి కూడా తెలుసు. 1980లలో ఆ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. 2014 విభజన చట్టంలో పరిశీలిస్తామని రాశారు. చివరికి 2023 జూలైలో వ్యాగన్ల యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. ఇక్కడి పిల్లలు ఇక్కడి ట్రాము పెట్టెలు చేసి, ఇక్కడే రిపేరు చేసే ఏర్పాటు ఆ యూనిట్ పక్కనే ఎందుకు పెట్టకూడదు?

పట్టా వెడల్పు కూడా రైల్వే బ్రాడ్ గేజే ఉండాలంటాం. ఇంజనీర్లు నవ్వొచ్చు. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో 1992 నుంచి వీధిలో నడిచే ట్రామే రైల్వే లైను ఎక్కి పక్క ఊళ్లకు పోతున్నది. వీధిలో ఒక రకం కరెంటు, రైల్వే లైను మీద ఇంకో రకం, రెండింటికీ పనికొచ్చే బండి చేసుకున్నారు. మన కాజీపేట లైను ఢిల్లీ, చెన్నైల మధ్య ప్రధాన మార్గం, గూడ్సులకే సందు లేదు. రేపే కాదంటే కాదు. కానీ గేజ్ తప్పుగా వేస్తే జనగామ నుంచి, మహబూబాబాద్ నుంచి నేరుగా ఎంజీఎం గేటు ముందర దిగే రోజు ఎన్నటికీ రాదు.

ఎమ్మెల్యేలు, ఎంపీలు, మేయర్ కూర్చుని ఆ నివేదికను బీరువాలోంచి తీసి, రబ్బరు టైర్ల స్థానంలో ట్రాము లెక్క కట్టించాలి. ఆ లెక్క ప్రజల ముందు పెట్టాలి. వచ్చే బడ్జెట్‌లో కాజీపేట నుంచి హన్మకొండ చౌరస్తా దాకా మొదటి ముక్కకైనా డబ్బు పెట్టాలి. అంతదాకా ఆఖరి రైలు వచ్చే వేళకు కాజీపేట స్టేషన్ బయట నాలుగు సిటీ బస్సులు నిలపడానికి ఏ నివేదికా అక్కర్లేదు, డిపో మేనేజర్‌కు ఒక్క ఆర్డరు చాలు.