మనవాడు గెలిస్తే చాలా?

రాష్ట్రపతి ఎన్నిక ప్రస్తావన వస్తే మా శ్రీకాకుళం జిల్లాలో వినిపించే కథ ఒకటే. 1969లో మన వి.వి. గిరి స్వతంత్రుడిగా నిలబడి కాంగ్రెస్ ముఠా నాయకుల అభ్యర్థిని మట్టి కరిపించారు. అంతరాత్మ గెలిచింది. ఆ ఊపులోనే బ్యాంకులు పేదవాడి గుమ్మం దాకా వచ్చాయి. చదువుకున్నవాళ్ల నోట, సంస్మరణ సభల్లో, పాత పత్రికా సంపాదకీయాల్లో ఇదే పాట.

బరంపురంలో పుట్టి, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లిన మనిషి దేశాధినేత అయ్యారంటే టెక్కలి, పలాస, భావనపాడు జనం గర్వపడటం సహజం. ఆ గర్వాన్నే చరిత్ర తీర్పుగా చలామణీ చెయ్యడంతోనే నాకు పేచీ. 1969లో గెలిచింది ప్రధానమంత్రి కార్యాలయం. ఓడింది, దూకుడుగా వచ్చిన కాగితాన్ని ఆపి "ఎందుకు?" అని అడిగే అలవాటు. ఆ ఓటమి ఖరీదు మా తీరం కూడా కట్టింది.

ముందు తేదీలు చూద్దాం. మే 3న జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులై 12న బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు నీలం సంజీవరెడ్డి పేరు ఖాయం చేసింది. 16న మొరార్జీ దేశాయ్ నుంచి ఆర్థిక శాఖ లాగేశారు. 19న, శనివారం, పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్స్ వచ్చింది. సంతకం గిరిది. మర్నాడే ఆయన పోటీ కోసం పదవికి రాజీనామా ఇచ్చారు. పార్లమెంటు సమావేశాలు మొదలైంది 21న, సోమవారం.

సోమవారం సభ పెట్టుకుని శనివారం ఆర్డినెన్స్ దేనికి? సభ లేనప్పుడు ఆగలేని అవసరం వస్తేనే వాడమని రాజ్యాంగం ఇచ్చిన అధికారం అది. ఆ రెండు రోజుల్లో మునిగిపోయే కొంప ఏదీ లేదు. ఉన్నదల్లా కాంగ్రెస్‌లోని ఇంటిపోరు.

ఇక అంతరాత్మ ప్రబోధం. సంజీవరెడ్డి నామినేషన్ పత్రం మీద ప్రతిపాదకురాలిగా సంతకం పెట్టింది స్వయంగా ఇందిరాగాంధీ. ఆ తర్వాత, మనస్సాక్షి చెప్పినట్టు ఓటెయ్యండని సభ్యులకు పిలుపునిచ్చిందీ ఆమే. రాష్ట్రపతి ఎన్నికలో విప్ లేదు కాబట్టి చట్టప్రకారం అందులో తప్పు లేదు. తన సంతకానికి తానే కట్టుబడని నాయకత్వం ఇతరుల అంతరాత్మ గురించి మాట్లాడటమే విడ్డూరం. ఆగస్టు 16న పోలింగు జరిగింది. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, జనసంఘ్, స్వతంత్ర పార్టీలు నిలబెట్టిన సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 విలువైన ఓట్లు పడ్డాయి. ఎవరికీ కోటా అందలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరి 4,20,077తో గట్టెక్కారు, సంజీవరెడ్డి 4,05,427 దగ్గర ఆగిపోయారు. దేశమంతా ఒక్క గొంతుతో తీర్పిచ్చిందని చెప్పడానికి ఈ అంకెలు ఒప్పుకోవు. పైగా ఆ అంతరాత్మను పొగిడిన పార్టీయే 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం తెచ్చి సభలో దానికి తాళం వేసింది.

"అదంతా సరే, బ్యాంకులు పల్లెకు రాలేదా?" అంటారు. వచ్చాయి. పంట రుణాలూ వచ్చాయి. కాదనను. కానీ బ్యాంకులను దారిలో పెట్టడానికి సామాజిక నియంత్రణ పేరుతో 1968లోనే చట్టం చేశారు, దాన్ని ఏడాదైనా నడవనివ్వలేదు. జాతీయీకరణ చట్టాన్ని 1970 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టులో పదకొండు మంది న్యాయమూర్తుల్లో పదిమంది కొట్టేశారు. నాలుగు రోజుల్లో లోపాలు సవరించి కొత్త ఆర్డినెన్స్ తెచ్చారు. అంటే, పని సక్రమంగా చెయ్యడానికీ వీలుంది. మొదట్లో ఆ ఓపిక పట్టలేదంతే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది గిరి వ్యక్తిగత చరిత్రలోని మలుపు. కార్మికుల కోసం జైళ్లకు వెళ్లిన మనిషి ఆయన. కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల వేతన అవార్డును మంత్రివర్గం మార్చినందుకు 1954లో పదవినే వదిలేశారు. నెహ్రూకు ఎదురుచెప్పగలిగిన అదే మనిషి 1970 సెప్టెంబరులో, రాజభరణాల రద్దు బిల్లు రాజ్యసభలో వీగిపోగానే, అదే పనిని ఒక ఉత్తర్వుతో చేసే కాగితం మీద సంతకం పెట్టారు. డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్నీ కొట్టేసింది. రాజుల మీద నాకు ప్రేమ లేదు. పార్లమెంటు ఒప్పుకోని దాన్ని సంతకంతో సాధించడం మీదే నా అభ్యంతరం. 1973 ఏప్రిల్‌లో ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను పక్కనపెట్టి, బ్యాంకుల కేసులో ఒంటరిగా ప్రభుత్వం వైపు మొగ్గిన ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిగా నియమించిందీ గిరి సంతకమే. 1975 జూన్ 25 రాత్రి, మంత్రివర్గం ఆమోదమైనా లేకుండా వచ్చిన ఎమర్జెన్సీ ప్రకటన మీద ఫకృద్దీన్ అలీ అహ్మద్ సంతకం పెట్టేనాటికి, అడక్కుండా సంతకం చెయ్యడం ఆ కుర్చీకి అలవాటైపోయింది.

ఇక్కడే మా మేధావులు అడ్డం పడతారు. ఇలా ఆగి ఆలోచించమనే సంప్రదాయవాదం జమీందార్ల మాట, ఉద్దానం ఎర్రజెండా నేల, ఇక్కడ ఆ మాటకు చోటేదీ అంటారు. నక్సల్ ఉద్యమంలో బొడ్డపాడు చేసిన త్యాగాలను నేను తక్కువ చెయ్యను. కానీ ఆ కథ చెప్పేవాళ్లు పక్క పేజీ చింపేస్తున్నారు. నక్సల్బరీ పేరు దేశమంతా మోగిన 1967లోనే ఈ జిల్లా ఓటర్లు స్వతంత్ర పార్టీని గెలిపించారు. లోక్‌సభకు గెలిచిన గౌతు లచ్చన్న ఆ స్థానాన్ని వదులుకుంటే, ఉప ఎన్నికలో ఎన్.జి. రంగా శ్రీకాకుళం ఎంపీ అయ్యారు. ఆ ఇద్దరిలో జమీందారెవరు? లచ్చన్న బారువ మనిషి, మద్యనిషేధం తమ పొట్ట కొడుతోందన్న గీత కార్మికుల గొంతు. రంగా రైతు ఉద్యమ నాయకుడు. 1940లో మందస జమీందారీ రైతుల మీద కాల్పులు జరిగి వీర గున్నమ్మ నేలకొరిగిన రోజుల్లో, పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగిన రోజుల్లో ఈ ప్రాంత రైతు వెంట నిలిచినవాళ్లు వీళ్లు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయం తీర్మానం చేసినప్పుడు వాళ్లు స్వతంత్ర పార్టీ వైపు వెళ్లడంలో తిరకాసేమీ లేదు. జమీందారు నుంచి విడిపించుకున్న చెక్కను సర్కారుకు అప్పజెప్పడం చిన్న రైతుకు ఇష్టం లేదు. ఆ భయమే మా ప్రాంతపు సంప్రదాయవాదానికి వేరు.

ఆ భయం నిజమైంది కూడా. 1971లో 25వ సవరణ, స్వాధీనం చేసుకున్న ఆస్తికి ఇచ్చేది న్యాయమైన పరిహారమేనా అని కోర్టు తూచే వీలును కుదించింది. ఆ ఏడాదే శ్రీకాకుళంలో రంగాను ఓడించి కాంగ్రెస్ అభ్యర్థి బొడ్డేపల్లి రాజగోపాలరావు గెలిచారు. తర్వాత రంగాయే ఇందిర కాంగ్రెస్‌లో చేరిపోయారు. జనతా ప్రభుత్వం తెచ్చిన 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి ఏకంగా తీసేసింది. దాని మీద 1979 ఏప్రిల్ 30న సంతకం పెట్టిన రాష్ట్రపతి ఎవరనుకున్నారు? 1969లో ఓడి, 1977లో ఏకగ్రీవంగా ఎన్నికైన సంజీవరెడ్డి. కాబట్టి మావాళ్లు గెలిచి ఉంటే అంతా బాగుండేదని నేను అనడం లేదు.

ఆ సవరణలోనే ఇంకో మాటుంది. మంత్రివర్గం సలహాను ఒక్కసారి వెనక్కి పంపి, మళ్లీ ఆలోచించమనే హక్కును అది రాష్ట్రపతికి స్పష్టంగా ఇచ్చింది. మనిషి హక్కుకు పునాది తగ్గించినచోటే, కుర్చీకి ఆగమనే హక్కు రాసిపెట్టారు. తగ్గించినదాన్ని ప్రభుత్వాలన్నీ వాడుకున్నాయి. రాసిపెట్టినదాన్ని వాడుకున్న రాష్ట్రపతులు వేళ్ల మీద లెక్కకొస్తారు.

దీనికీ భావనపాడుకూ ఏమిటి సంబంధం అంటారా? 2010 జులైలో సోంపేట బీల చిత్తడి నేల కోసం, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపర చిత్తడి నేల కోసం జనం అడ్డం నిలిచారు. రెండుచోట్లా థర్మల్ కేంద్రాల గొడవే. రెండుచోట్లా పోలీసు తూటాలకు ప్రాణాలు పోయాయి. 2023 ఏప్రిల్‌లో మూలపేటలో శంకుస్థాపన జరిగిన ఓడరేవు మొదట భావనపాడు పేరుతో వచ్చిందే. రేవుకు నేను వ్యతిరేకిని కాను. వ్యాపారం పెరిగితే జీడిపప్పుకూ, ఉప్పుకూ, చేపకూ ధర పెరుగుతుంది. ఢిల్లీలో మారిన ఒక్క సవరణే ఇన్ని గొడవలకూ మూలమనీ అనను. కానీ ప్రజా ప్రయోజనం అని సర్కారు ముద్ర వేశాక ఎదురు ప్రశ్న దేశద్రోహమో అభివృద్ధి నిరోధమో అయిపోయే రాజకీయం ఒకటుంది. అది రాష్ట్రపతి భవన్‌లో మొదలై తహసీల్దారు కార్యాలయం దాకా దిగింది. గట్టు పైన తెగితే పల్లపు చేను మునగదా?

ఇప్పటి గోల మనవాడు అన్నది. 2025 సెప్టెంబరు 9న ఉపరాష్ట్రపతి ఎన్నికలో జస్టిస్ సుదర్శన్ రెడ్డికి ఓటెయ్యకుండా సి.పి. రాధాకృష్ణన్‌కు వేసిన ఆంధ్ర పార్టీలు తెలుగుజాతికి ద్రోహం చేశాయన్నారు. ఆ కొలబద్దతో 1969ని ఎలా కొలుస్తారు? గిరీ తెలుగువాడే, సంజీవరెడ్డీ తెలుగువాడే. 1967లో ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలి జాకీర్ హుస్సేన్ మీద పోటీ చేసిన కోకా సుబ్బారావూ తెలుగువాడే. ప్రాథమిక హక్కులను కత్తిరించే అధికారం పార్లమెంటుకు లేదని గోలక్‌నాథ్ తీర్పు చెప్పిన ఆయన పేరు తెలుగు గర్వం జాబితాలో ఎందుకో అంతగా వినపడదు. అలాగని ఇప్పుడు ఢిల్లీలో ఉన్నవాళ్లనూ వదలను. 1969లో ఓడిన పక్షానికి వారసులమని చెప్పుకునేవాళ్లు కూడా అభ్యర్థి ప్రాంతమేదో, కులమేదో, ఏ ఎన్నికకు పనికొస్తారో లెక్కలేసి, గెలిచాక నోరు విప్పకపోతే చాలనుకుంటున్నారు. అది ఇందిర నేర్పిన విద్యే.

సంప్రదాయవాదికి కావలసిన రాష్ట్రపతి తిరుగుబాటుదారు కాదు. కె.ఆర్. నారాయణన్ 1997లో ఉత్తరప్రదేశ్, 1998లో బీహార్ ప్రభుత్వాలను రద్దు చేయాలన్న సిఫారసులను మళ్లీ ఆలోచించమని పంపారు. అవి రెండు వేర్వేరు కూటముల ప్రభుత్వాలు పంపిన కాగితాలు. రెండింటికీ ఒకే జవాబు. వామపక్షాలు మెచ్చుకున్న ఆయనలో నాకు మంచి సంప్రదాయవాది కనిపిస్తాడు.

తదుపరి రాష్ట్రపతి ఎన్నిక 2027లో. గత ఎన్నికలో ఆంధ్ర శాసనసభ్యుడి ఓటు విలువ 159. టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం ఎమ్మెల్యేలకూ ఆ ఓటుంది. వాళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు రోడ్డు గురించి, కిడ్నీ ఆసుపత్రి గురించి అడుగుతాం. దాంతో పాటు ఇంకొకటి అడగాలి: మీరు ఓటేసే మనిషి, సభ ఇంకో రెండు రోజుల్లో ఉండగా వచ్చిన ఆర్డినెన్స్‌ను వెనక్కి పంపుతారా? అభ్యర్థి భాషా కులమూ కనుక్కుని ఊరుకునేవాళ్లకు, తర్వాత ఆ కుర్చీని రబ్బరు స్టాంపని వెక్కిరించే హక్కు లేదు.