ఉద్యోగపర్వం: ప్రమోషన్ వద్దన్న మనిషి



మన ఉద్యోగాల కష్టసుఖాలు ముచ్చటించుకునే ఈ శీర్షికలో ఇంతవరకు జీతాలూ, సెలవులూ, గ్రాట్యుటీ అన్నీ వచ్చాయి. చదవడమే కష్టమైన ఉద్యోగి సంగతి మాత్రం రాలేదు. డిస్లెక్సియా అనగానే 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' సినిమాలోని కుర్రాడు గుర్తొస్తాడు. ఆ కుర్రాళ్లు పెద్దవాళ్లవుతారు, వీసా తీసుకుని మస్కట్ కూడా వస్తారు. వయసుతో పోయే ఇబ్బంది కాదది. దాచుకోవడం అలవాటవుతుంది, అంతే.

దీనికీ తెలివికీ సంబంధం లేదు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లీషు డాక్టరు పెర్సీ అనే పద్నాలుగేళ్ల కుర్రాడి గురించి వైద్య పత్రికలో రాశాడు. లెక్కల్లో దిట్ట, కాని తన పేరునే 'ప్రెసీ' అని రాసేవాడు. పాఠాలన్నీ నోటితో చెబితే బడిలో వీడే మొదటివాడని వాళ్ల మాస్టారి అభిప్రాయం.

మన తెలుగులో ఎలా రాస్తామో దాదాపు అలాగే చదువుతాం. అందుచేత డిస్లెక్సియా ఉన్నవారు తప్పు చదవడం కంటే నెమ్మదిగా చదవడమే ఎక్కువ. ఆ నెమ్మదిని మనం బద్ధకం అనుకుంటాం. ఇంగ్లీషు సంగతి వేరు. దో, త్రూ, టఫ్ – ఈ మూడు మాటల చివరా అవే నాలుగక్షరాలు, పలకడం మాత్రం మూడు రకాలు! ఊళ్లో ఎలాగో నెట్టుకొచ్చినవాడు ఇక్కడి ఆఫీసులో దొరికిపోయేది అందుకే.

నాకు తెలిసిన ఏసీ మెకానిక్ ఒకాయన ఉన్నాడు, కోనసీమ మనిషి. కంప్రెసర్ చప్పుడు విని రోగం చెప్పేస్తాడు. కంపెనీవారు రెండుసార్లు సూపర్‌వైజర్‌ని చేస్తామంటే రెండుసార్లూ వద్దన్నాడు. పొగరని కొందరన్నారు. ఒక శుక్రవారం భోజనాల దగ్గర అసలు సంగతి చెప్పాడు: "అక్షరాలు వచ్చండీ. వాక్యం చివరికి వెళ్లేసరికి మొదలు మర్చిపోతాను. సూపర్‌వైజరంటే రోజూ రిపోర్టు రాయాలి కదండీ." అది డిస్లెక్సియాయేనని తేల్చడానికి నేను డాక్టర్ని కాను. కాని చేతిలో అంత పనితనం ఉన్నవాడు కాగితానికి భయపడి పెరిగే జీతం వదులుకున్నాడు. ఇంట్లో ఆవిడకు కూడా చెప్పలేదట.

కొందరికి అంకెలు కూడా తారుమారవుతాయి. ఒమన్ రియాల్‌కు 1000 బైసాలు కనుక బిల్లులో చుక్క తర్వాత మూడంకెలుంటాయి. 12.350 కాస్తా 12.530 అయితే తేడా 180 బైసాలే. అదే పదిసార్లు జరిగితే స్టోర్‌కీపరు నిజాయితీనే శంకిస్తారు. పైగా అరబ్బీ ఐదు మన సున్నాలా, ఆరు ఇంగ్లీషు ఏడులా ఉంటాయి!

మన దేశంలో 1995 నాటి వికలాంగుల చట్టంలో దీని ఊసే లేదు. 2016 చట్టంలో చేర్చి, ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకిచ్చే కనీసం 4 శాతంలో ఒక శాతాన్ని వీరికీ, మరికొన్ని వర్గాలకూ కలిపి ఇచ్చారు. మంచిదే. గల్ఫ్‌లో ప్రైవేటు కంపెనీలో పనిచేసేవాడికి అది అక్కరకు రాదు. ఇక్కడ ఉద్యోగం మీదే వీసా, వీసా మీదే కాపురం. ఇంక నోరెలా విప్పుతాడు?

ఏర్పాట్లు చూస్తే చాలా చిన్నవి. ఈమెయిల్‌ను ఫోనే చదివి వినిపిస్తుంది, చెబితే రాసిపెడుతుంది. రిపోర్టుకు బదులు టిక్కులు పెట్టే ఫారం ఇవ్వవచ్చు. పని నోటితో చెప్పి, అతనిచేత తిరిగి చెప్పించుకోవచ్చు. డిస్లెక్సియా లేనివారికి కూడా ఇది మేలే, ముఖ్యంగా సైటులో.

మన సభ్యులలో మేనేజర్లున్నారు, మనుషుల్ని ఎంపిక చేసేవారున్నారు. వచ్చినవాణ్ణి రిసెప్షన్‌లో కూర్చోబెట్టి పది నిమిషాల్లో నాలుగు పేజీలు నింపమంటారు. ఆ ఫారం ఇంటికి తీసుకెళ్లి నింపి తెమ్మంటే కంపెనీకి పోయేదేమిటో నాకైతే అంతుబట్టదు.