అక్షరం కంటికి ఆనాలి

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. 'జ్ఞా' అనే తెలుగు అక్షరం ఐఫోన్లను పడగొట్టింది. మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో కలిసి ఆ అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, దాన్ని తెరిచిన యాప్ కుప్పకూలేది. ఆపిల్ కంపెనీ అదే నెలలో సరిచేసుకుంది. జనం నవ్వుకున్నారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. జ్ఞానం అనే మాటలో మొదటి అక్షరాన్నే మోయలేని యంత్రం అంత ధరకు అమ్ముడుపోయింది గదా అనిపించింది.

అంతకు ముందు 2016 డిసెంబరులో అమెజాన్ వాళ్లు కిండిల్‌లో అయిదు భారతీయ భాషల పుస్తకాలు తెచ్చామని ప్రకటించారు. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. ఇన్ని కోట్ల మంది మాట్లాడే భాష ఆ వరసలో బయటే నిలబడింది. బయట నిలబడడం మనకు కొత్త కాదు కాబట్టి ఆ సంగతి మనకు తొందరగానే అర్థమైంది.

సరే, కంపెనీలను తిట్టడం తేలిక. మరి మన ఇంటి సంగతేమిటి? మన రాతలు తెర మీద మనవాళ్ల కంటికి ఆనుతున్నాయా? ఆనడం లేదు. ఈ తప్పులో మాకూ వాటా వుంది.

మొన్న మా పాత ఫైళ్లు కొన్ని బయటికి తీశాం. తొంభైల్లో డీటీపీ సెంటర్ల చుట్టూ తిరిగి, అప్పులు చేసి కంపోజ్ చేయించిన రాతలు. కంప్యూటర్లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు. ఎందుకిట్లా? ఆనాటి ఫాంట్లలో తెర మీద 'క' కనపడినా లోపల వున్నది ఇంకేదో గుర్తు. ఇంగ్లీషు గుర్తుకు తెలుగు చొక్కా తొడిగారు. ఒక్కో కంపెనీది ఒక్కో రకం చొక్కా. ఆ ఫాంట్ వున్న కంప్యూటర్లోనే అది తెలుగు. ఫాంట్ పోతే చొక్కా పోయింది, రాత పోయింది.

దీనికి మందు లేక కాదు. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికింది. అందులో 'క' ఏ కంప్యూటర్లోనైనా 'క'నే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చింది. ఆ తర్వాత ఉచిత ఫాంట్లు చాలా వచ్చాయి. అయినా మనోళ్లు ఇంకా ప్రెస్సు వాడి అలవాటు కొద్దీ పాత ఫాంట్లలోనే కొట్టించి, పీడీఎఫ్ చేసి, ఫోన్లలో పంపి, పని అయిపోయిందనుకుంటున్నారు.

ఆ పీడీఎఫ్ ఎవరు చదవాలి? కూలికి పోయొచ్చి, అన్నం తిన్నాక, చూరు కింద కూర్చుని చిన్న ఫోన్ తెరిచే తమ్ముడు చదవాలి. హాస్టల్లో అద్దం పగిలిన ఫోన్లో చెల్లెలు చదవాలి. పుస్తకం సైజు పేజీ ఆ తెరలో చీమల బారులాగ వుంటుంది. పెద్దది చేస్తే లైను తెర దాటిపోతుంది. కుడికి లాగాలి, మళ్లీ ఎడమకు లాగాలి. పది లైన్లు చదివేసరికి వేలు నొప్పి, కన్ను నొప్పి. ఆపేస్తారు. 'మనవాళ్లు చదవరు' అని మనం సభల్లో ఉపన్యాసం ఇస్తాం! ఈ-రీడర్ కొనుక్కున్న ఉద్యోగస్తుడి పాటూ ఇంతే. పేజీ బిగుసుకుపోయి వుంటే దాంట్లో అక్షరం పెంచే సౌకర్యం వుండీ లేనట్టే.

అక్షరం రూపం సంగతి కూడా చెప్పాలి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. 'రాష్ట్రం' అన్న మాట చూడండి, కిందికి ఎంత దిగుతుందో. ఇంగ్లీషుకు సరిపోయే లైను ఎడంలో దాన్ని ఇరికిస్తే పై లైను ఒత్తు కింది లైను గుడికి తగులుతుంది. ఇంగ్లీషుకు 12 పాయింట్లు చాలితే తెలుగుకు ఇంకా పెద్దది కావాలి. సన్నగీతల ఫాంట్ చిన్న తెర మీద అరిగిపోతుంది. ష పొట్టలో గీత పోతే ప. థ లో చుక్క పోతే ధ. 'వాడు' అని రాస్తే 'పాడు' అని చదువుతారు. మన వాడు పాడు కావడానికి ఒక్క గీత చాలు!

ఇక మన సోకు ఒకటుంది. నల్లటి నేల మీద ఎర్రటి అక్షరాలు, అవీ పెళ్లిపత్రిక ఫాంట్లో. ఆవేశం చూపించాలని మనం పెడతాం. పాఠకుడికి కనపడేది మసక. రామభద్ర లాంటి లావు ఫాంట్ శీర్షికకు బాగుంటుంది. వ్యాసమంతా దాంట్లోనే నింపితే ఊపిరాడదు. వ్యాసానికి నోటో లాంటి సాదా ఫాంట్ పెట్టాలి. రెండూ పైసా ఖర్చు లేనివే.

అన్నిటికన్నా పెద్ద మాట మా అమ్మలది. బడి గడప తొక్కనివ్వని తరం అది. ఇవాళ చేతిలో ఫోనే తెలుగు చదివి వినిపిస్తుంది. చూపు లేనివాళ్లూ అట్లాగే వింటున్నారు. కాకపోతే యూనికోడ్‌లో వున్న రాతనే అది సరిగా చదువుతుంది. స్కాన్ చేసిన పేజీ దానికి ఉత్త బొమ్మ. పాత ఫాంట్ రాత పిచ్చికూత. అమ్మ బతుకు మీద మనం కథ రాశాం. ఆ కథ అమ్మ చెవిన పడకుండా అడ్డం పడింది మన ఫాంటే.

బొమ్మలోంచి అక్షరాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, నిజమే. కానీ ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి. ఎవరో ఒకరు కూర్చుని దిద్దాలి. ఆ ఎవరో మనమే కావాలి. మన పాటలు, మన కథలు ఇంకెవరో వచ్చి దిద్దిపెడతారా?

అందుకే మేము ఒక నిర్ణయానికి వచ్చాం. ఇకనుంచి ప్రతి రాతా యూనికోడ్‌లోనే తయారుచేస్తాం. అచ్చుకు పీడీఎఫ్ ఇస్తాం, ఫోన్లకు అక్షరం పెంచుకునే రకం ఫైలు ఇస్తాం. పాత సంచికలు నెలకు ఒకటి చొప్పున మళ్లీ టైపు చేస్తాం. టైపు వచ్చిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఒక్కొక్కరు పది పేజీలు తీసుకోండి. పాత పుస్తకం దాచుకున్న అన్నలూ అక్కలూ, పెట్టె తెరవండి.

ఒకప్పుడు అక్షరం మన చెవిన పడకూడదన్నారు. ఇప్పుడు పడనివ్వనిది మన అశ్రద్ధ. దాన్ని మనమే తీసెయ్యాలి.