మూడడుగుల అరుగుకి ముప్పయ్యారడుగుల దారి

చెట్టు మీంచి జారిపడ్డ మనిషి కథ కొబ్బరితోటల మధ్య బతికేవాళ్లకి కొత్తది కాదు. మా వీధిలో దింపు తీసే ఒకాయన వానాకాలంలో తడిసిన మట్ట మీద కాలుపెట్టి పడ్డాడు. ప్రాణం దక్కింది గాని నడుము కింద స్పర్శ పోయింది. కాళ్లకి బంధం వేసుకుని పొద్దు వాలేదాకా చెట్లెక్కిన ఆ మనిషితో కిందటేడు ఒక ఆఫీసుకి వెళ్లాను. గుమ్మం ముందు అయిదు మెట్లు. లోపల్నుంచి ఇద్దరు కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చి, వీల్‌చైరుతో సహా ఎత్తి వసారాలో దింపారు. సంతకం పని పది నిమిషాల్లో అయింది. మళ్లీ అవే చేతుల మీద కిందికి. ఇంటికొచ్చే దారిలో ఆయన అన్నది ఒకటే మాట: "ఇంకోసారి నన్నక్కడికి తీసుకెళ్లకండి బాబూ."

ఆ కుర్రాళ్ల తప్పేమీ లేదు. కోనసీమలో సాయం పట్టే చేతులకి ఎప్పుడూ లోటు రాలేదు. మనకి మెట్లు అడ్డుగా కనబడకపోవడానికి కారణం కూడా అదేనేమో. మనం ఉన్నాం కదా, ఎత్తేస్తాం కదా అనుకుంటాం. నలుగురి కళ్ల ముందు పసిపిల్లాడిలా గాల్లోకి లేచే మనిషికి లోపల ఏమవుతుందో ఆలోచించం. పోలియో వచ్చిన ఆడపిల్లని ముక్కూమొహం తెలియని మగాళ్లు పట్టుకుని బస్సెక్కిస్తే, ఆ పిల్ల మర్నాడు కాలేజీకి బయల్దేరుతుందా? ఎవరి దయా అడక్కుండా గుమ్మం దాటే హక్కు మనకుంది. వాళ్లకీ అదే కావాలి.

అరుగులు ఎత్తుగా కట్టుకోవడానికి మనకి కారణం ఉంది. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 నాటి తుఫాను, 2022 జులైలో లంకల్ని ముంచిన గోదావరి. ఇవి చూసినవాళ్లు నేలబారున కట్టరు, కట్టకూడదు కూడా. కాని లెక్క ఒకటుంది. చక్రాల కుర్చీ తోసుకుంటూ పైకి రావాలంటే అడుగు ఎత్తుకి కనీసం పన్నెండు అడుగుల పొడవు వాలు కావాలి. దేశంలో ప్రభుత్వ కట్టడాలకి పెట్టిన కనీస ప్రమాణం అదే. అంటే మూడడుగుల అరుగుకి ముప్పయ్యారు అడుగులు. అంత చోటెక్కడిది అంటారు. ఒకే వరసలో ఉండక్కర్లేదు. గోడవార సగం దూరం వెళ్లి, చదునుగా ఉన్నచోట కాసేపాగి, మలుపు తిరిగి పైకి రావచ్చు. రెండు వైపులా పట్టుకోడానికి కమ్మీ ఉండాలి. చాలాచోట్ల మాత్రం మెట్ల పక్కన ఆరేడు అడుగుల్లో సిమెంటు పోసి పలక వాల్చినట్టు వదిలేస్తారు. దాని మీద ఎక్కబోతే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. పోలింగ్ కోసం బడుల దగ్గర హడావిడిగా కట్టినవాటిలో ఇలాంటివి చూశాను. 40 శాతం పైబడి వైకల్యం ఉన్నవాళ్లకి 2024 ఎన్నికల్లో ఇంటి దగ్గరే ఓటేసే వీలు కల్పించారు, సంతోషం. అదే బడిలో చదివే పిల్లకి ఆ వాలు రోజూ కావాలి.

వాలు కట్టడం మనకి చేతకాని పని కాదు. మన కోనసీమ జిల్లాలో ర్యాంపు అనగానే ముందు గుర్తొచ్చేది ఇసుక ర్యాంపు. ఏటిగట్టు దిగిన లారీ నిండు బరువుతో తిరిగి గట్టెక్కాలంటే ఎంత వాలు ఉండాలో డ్రైవర్లకి కంటిచూపుతోనే తెలుసు. సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్లే పంటు చూడండి. మోటారు సైకిళ్లు దొర్లించుకుని ఎక్కేలా దారి ఉంటుంది. అదే దారిన వీల్‌చైరూ ఎక్కగలదు. వంతెనలకన్నా ముందునుంచీ ఉన్న ప్రయాణమది. దానికున్న వీలు మన బస్సుకి లేదు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట మధ్య జనం తిరిగే పల్లెవెలుగు బస్సుకి మొదటి మెట్టే మోకాలెత్తు. దివ్యాంగులకి ఛార్జీలో రాయితీ పెట్టారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం. వీల్‌చైరులో ఉన్న ఆడమనిషికి ఆ ఉచితం అందాలంటే ముందు బస్సు అందాలి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం ఆసుపత్రికి రావాలన్నా ఆటో మాట్లాడుకోవాల్సిందే. ఆ బాడుగతో పింఛను డబ్బులో కొంత కరిగిపోతుంది. కనీసం ఆసుపత్రి, కలెక్టరేటు మీదుగా వెళ్లే సర్వీసులకైనా నేల తక్కువ ఎత్తులో ఉన్న బస్సులు వేయాలి. బస్టాండులో ఏ బస్సు వచ్చిందో చూపులేనివాళ్లకి వినబడేలా ప్రతిసారీ చెప్పాలి.

ఇది ఎవరినో బతిమాలి తెచ్చుకునేది కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం నిబంధనలు వచ్చిన అయిదేళ్లలో పాత ప్రభుత్వ భవనాలన్నీ అందరూ వెళ్లగలిగేలా మారాలి. నిబంధనలు 2017 జూన్ 15న వచ్చాయి. మన జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. రెండున్నర నెలలకే ఆ గడువు తీరింది. రాజీవ్ రతూరి అనే చూపులేని వ్యక్తి 2005లో వేసిన కేసులో, 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఈ ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదని, తప్పనిసరి చేయాలని చెప్పింది. ఆ తీర్పుకి ఆధారమైన నివేదిక తయారుచేసింది మన హైదరాబాదులోని నల్సార్ వర్సిటీవాళ్లే.

అదే చట్టంలో ఇంకో మాట ఉంది: ప్రమాణాలకి తగ్గట్టు లేని ప్లానుకి అనుమతి ఇవ్వకూడదు. మనకి ఎక్కువ పనికొచ్చేది ఇదే. కొత్త జిల్లాకి ఆఫీసులు కట్టుకోవాల్సి ఉంది. 2000–01లో మంజూరైన కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం పూర్తయితే 57 కిలోమీటర్ల పొడవునా స్టేషన్లు కొత్తగా వస్తాయి. తీరంలో తుఫాను రక్షణ కేంద్రాలు నీళ్లు తగలని ఎత్తున ఉంటాయి. హోరుగాలిలో, చీకట్లో, మంచానపడ్డ తల్లిని మోసుకెళ్లేవాడికి అక్కడ వెడల్పైన, జారని వాలు దొరకాలి. కట్టాక పగలగొట్టి మార్చడం ఖర్చు. కాగితం మీద గీత మార్చడానికి ఖర్చేముంది?

ప్రతి కొత్త భవనానికీ బిల్లు చెల్లించే ముందు ఆ ఊళ్లో చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లని, చేతికర్రతో నడిచేవాళ్లని పిలిచి, గేటు నుంచి కౌంటరు దాకా, మరుగుదొడ్డి దాకా వెళ్లిరమ్మనాలి. ఇంజనీర్లు పక్కన నిలబడి చూడాలి. ఈ మాటే మా వీధిలో ఆయనకి చెప్పి, పిలిస్తే వస్తారా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, వస్తానన్నాడు. ఎవరూ చెయ్యి వెయ్యకూడదన్నాడు.